ఓట్లు ఎక్కువై కాదు, తక్కువై

సాయంత్రం పూట పిఠాపురం పాదగయ గుడి మెట్ల మీద కూర్చునే పింఛనుదార్లలో నేనూ ఒకణ్ని. అక్కడ ఏళ్ల తరబడి వింటున్న మాట ఒకటుంది. "జనం అమ్ముడుపోయారండీ. డబ్బులు పుచ్చుకుని గుద్దేసి వస్తున్నారు. ఇంక ప్రజాస్వామ్యం ఎక్కడుంది? అసలు ఈ ఎన్నికలే ఎక్కువైపోయాయి. అన్నీ కలిపి అయిదేళ్లకోసారి పెట్టేస్తే సరి. మధ్యలో గట్టివాడొకడు చూసుకుంటాడు."

అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నాతో కలిసి పాఠాలు చెప్పినవాళ్లు, బ్యాంకుల్లోనో రెవెన్యూలోనో చేసి దిగినవాళ్లు. ఇదే మాట మరింత నున్నటి భాషలో పత్రికల్లో చదువుతున్నాం, టీవీ చర్చల్లో వింటున్నాం. పొరుగూరి పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గరా అదే. అందరూ ఒప్పుకున్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురాడరు. నేనూ చాలాకాలం ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోదలచుకోలేదు. ఆ మాటలో రెండు భాగాలున్నాయి. ఓటరు చెడిపోయాడన్నది ఒకటి, ఎన్నికలు ఎక్కువయ్యాయన్నది రెండోది. రెండూ అబద్ధాలే. రెండోది ప్రమాదం కూడా. ప్రజాస్వామ్యం నీరసపడిందంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ నీరసం ఓట్లు తగ్గడం వల్ల వచ్చింది. దానికి మందు అంటూ ఉంటే అది మరిన్ని ఓట్లే, అవీ మన గుమ్మానికి దగ్గరగా పడేవి.

ముందు మన ఊరి లెక్క చూద్దాం. 2004లో పిఠాపురం బీజేపీ తరఫున నిలబడ్డ పెండెం దొరబాబును గెలిపించింది. 2009లో ప్రజారాజ్యం నుంచి వంగా గీతను పంపింది. 2014లో తెలుగుదేశం టికెట్ దక్కక స్వతంత్రుడిగా నిలబడిన ఎస్.వి.ఎస్.ఎన్. వర్మకు 47 వేల పైచిలుకు ఆధిక్యం ఇచ్చింది. 2019లో దొరబాబే మళ్లీ వచ్చారు, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున. 2024లో జనసేన నుంచి పవన్ కల్యాణ్‌కు 1,34,394 ఓట్లు, ఒకప్పుడు తానే గెలిపించిన గీతకు 64,115. అయిదు ఎన్నికల్లో అయిదు గుర్తులు. వరసగా రెండుసార్లు ఒకే గుర్తును ఈ ఊరు నమ్మలేదు. డబ్బే ఓటు వేయిస్తుంటే, ప్రతిసారీ చేతిలో అధికారమూ ఖజానా తాళమూ ఉన్నవాడే గెలవాలి కదా? 2014లో రెండు పెద్ద పార్టీల యంత్రాంగాలూ ఒకవైపు, టికెట్ లేని మనిషి ఒకవైపు. ఊరు ఎటు వెళ్లిందో చూశాం.

రాష్ట్రం లెక్కా అంతే. 2014 తరువాత అధికార పక్షం ప్రతిపక్షం నుంచి 23 మంది ఎమ్మెల్యేలను లాక్కుంది. 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురిని మంత్రుల్ని చేసింది. 2019లో ఆ పార్టీకి జనం మిగిల్చినవి సరిగ్గా 23 సీట్లు. 151 సీట్లతో వచ్చిన తరువాతి ప్రభుత్వం మీటలు నొక్కి ఇంటింటికీ ఖాతాల్లో డబ్బు వేసింది. లబ్ధిదారుల జాబితాలు పట్టుకుని ప్రతి యాభై ఇళ్లకూ ఒక వాలంటీరును పెట్టింది. 2024లో దానికి మిగిలినవి 11. పుచ్చుకున్నవాడు రుణపడి ఓటేస్తాడన్న సిద్ధాంతం ఇక్కడ రెండుసార్లు మట్టి కరిచింది.

రుణం వేరు, ఓటు వేరు అన్న తెలివి ఈ నేలకు కొత్త కాదు. మన మహారాజా సూర్యారావు గారు చేసిన మేలు తక్కువా? కాకినాడ కాలేజీ, అనాథ శరణాలయం, సూర్యరాయాంధ్ర నిఘంటువు. ఆయన పేరు చెప్పి దణ్ణం పెట్టే ముసలివాళ్లను నా చిన్నప్పుడు చూశాను. ఆయనే 1936లో పీపుల్స్ పార్టీ పెట్టారు. 1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 215కి 159 స్థానాలు కాంగ్రెస్‌కు వెళ్లాయి. మహారాజా పార్టీ నిలవలేదు. ప్రెసిడెన్సీ ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆస్తీ పన్నూ ఉన్న కొద్దిమందికే ఓటున్న రోజులవి. భూమి, నీరు, కొలువు అన్నీ జమీందారు చేతిలో ఉన్న రోజులవి. అప్పుడే అమ్ముడుపోని ఓటరు ఇప్పుడు వెయ్యికో రెండు వేలకో అమ్ముడుపోయాడని ఎలా అనుకుంటాం?

డబ్బు పంచడం లేదని నేను అనడం లేదు. పంచుతున్నారు. మా వీధిలోనే పంచారు. నాట్లకూ కలుపులకూ వెళ్లే ఒకావిడను అడిగాను, ఎందుకు పుచ్చుకున్నావమ్మా అని. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను. చేస్తున్న పని ఆపకుండానే చెప్పింది. "వద్దంటే ఏవనుకుంటారండి మాస్టారూ? వీళ్లు మనోళ్లు కాదని మా ఇంటికి గుర్తెట్టుకుంటారు. రేపు పింఛనాపేత్తే ఎవరికి చెప్పుకుంటాం? అందుకే ఇద్దరి దగ్గరా పుచ్చేసుకున్నానండి. ఏసేది నేనేగాండి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మనం ఆ నోటును ధర అనుకుంటున్నాం. ఆవిడకు అది ధర కాదు, హాజరు పట్టీ. పుచ్చుకోకపోతే గైర్హాజరు పడుతుంది. ఆవిడను భయపెడుతున్నది రేషను కార్డు, పింఛను, ఇళ్ల పట్టా ఎవరి చేతిలోనో ఇరుక్కుని ఉండడం. ఆ భయానికి ఆవిడ కనిపెట్టిన విరుగుడు రహస్య ఓటు. బూత్‌లో ఆ అట్ట తెర వెనక ఆవిడ ఒక్కతే ఉంటుంది. మేస్త్రీ ఉండడు, వడ్డీ వ్యాపారి ఉండడు, మొగుడు కూడా ఉండడు. అంతటి స్వతంత్రం ఆవిడకు అయిదేళ్లలో మరెక్కడా దొరకదు. దాన్ని ఆవిడ ఎంత జాగ్రత్తగా వాడుకుందో చూడకుండా, చేతిలో పడిన నోటును మాత్రమే చూసి అమ్ముడుపోయిందనడం అన్యాయం.

2024 మే 13 రాత్రి రాష్ట్రంలో చాలాచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా వరసలు కదులుతూనే ఉన్నాయి. దాదాపు 82 శాతం ఓట్లు పడ్డాయి. హైదరాబాద్ నుంచి వచ్చే రైళ్లలో, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. టికెట్టు డబ్బులు లెక్కేస్తే చేతికొచ్చిన నోటు కన్నా అవే ఎక్కువై ఉంటాయి. నిలబడి వచ్చి, వరసలో నిలబడి, మళ్లీ నిలబడి వెళ్లారు. వాళ్లను చూసిన కళ్లతో ఓటరు చెడిపోయాడని నేను అనలేను.

డబ్బు చేసే అసలు చెడు మరోచోట ఉంది. అది ఓటరును కొనలేక అభ్యర్థిని ఏరేస్తుంది. శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని నిబంధన. అసలు ఖర్చు అంతకు ఎన్ని రెట్లో పాదగయ మెట్ల మీద ఎవరినడిగినా చెబుతారు. రెండు వైపులా పంచుకుంటే ఆ పంపకం ఎవరినీ గెలిపించదు. కానీ పంచలేనివాణ్ని మొదట్లోనే బయటికి నెట్టేస్తుంది. మంచి వకీలు, చదువుకున్న రైతు, పది మందికి ఉపయోగపడిన ఆశా కార్యకర్త నామినేషన్ దాకా కూడా రారు. తప్పు అభ్యర్థుల జాబితా తయారయ్యే గదిలో జరుగుతోంది, తిట్లు మాత్రం వరసలో నిలబడ్డవాళ్లకు పడుతున్నాయి. 2018 నుంచి ఎన్నికల బాండ్ల పేరుతో కంపెనీలు ఎవరికి ఎంత ఇచ్చాయో చెప్పనక్కర్లేకుండా పార్టీలకు కోట్లు ఇచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది చట్టం. కూలి మనిషికి నీతి చెప్పేవాళ్లలో ఆ బాండ్ల గురించి గొంతెత్తినవాళ్లు మా మెట్ల మీద ఒకరో ఇద్దరో.

ఇక రెండో మాట, ఎన్నికలు ఎక్కువైపోయాయన్నది. 2024 మార్చిలో జమిలి ఎన్నికల మీద రామ్‌నాథ్ కోవింద్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ డిసెంబర్‌లో లోక్‌సభలో రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. అప్పటి నుంచి ఈ మాటకు గౌరవం ఇంకా పెరిగింది. నేను గోదావరి జిల్లాల్లో ఉండి అడుగుతున్నాను, ఎక్కడున్నాయండీ ఆ ఎక్కువ ఎన్నికలు?

రాజమహేంద్రవరం నగరపాలక సంస్థకు చివరిసారి ఎన్నిక జరిగింది 2014లో. ఆ పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021లో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినా అక్కడ జరగలేదు. గ్రామాల విలీనం, కోర్టు కేసులు, కారణం ఏదైతేనేం, గోదావరి గట్టున అంత పెద్ద నగరంలో కార్పొరేటర్ అనే మనిషే లేకుండా పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కాకినాడలో 2017లో ఎన్నుకున్న పాలకమండలి గడువు 2022 సెప్టెంబర్‌లో ముగిసింది. తరువాత ప్రత్యేకాధికారి వచ్చారు. ఆయన మంచి అధికారే కావచ్చు. కానీ జగన్నాథపురంలో కాలవ పూడిక తీయకపోతే ఆ వార్డువాళ్లు ఎవరి ఇంటి ముందు నిలబడాలి?

పంచాయతీల కథ ఇంకా చేదు. 2018 ఆగస్టులోనే గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు లేవు. ఒక ప్రభుత్వం పెట్టకుండా దిగిపోయింది. ఇంకో ప్రభుత్వం 2020 మార్చిలో స్థానిక ఎన్నికలు మొదలుపెడితే కరోనా వచ్చింది, ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వాయిదా వేశారు. దానికి ప్రతిగా 2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చి ఆయన పదవీకాలాన్నే కుదించి ఇంటికి పంపారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. ఆయన కుర్చీలో తిరిగి కూర్చునేసరికి జులై ఆఖరు. అప్పుడు ఎన్నికలు వద్దని ప్రభుత్వమూ ఉద్యోగ సంఘాలూ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2021 జనవరి 25న అక్కడా కుదరదన్నారు. రాజ్యాంగం 243-ఇ అధికరణం అయిదేళ్ల గడువు తీరేలోపే ఎన్నిక పూర్తి కావాలంటోంది. ఒక వాక్యాన్ని అమలు చేయించడానికి రెండున్నరేళ్లూ రెండు కోర్టులూ కావలసి వచ్చాయి. పక్కన తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులే ఏలారు. పార్టీలు మారాయి, తీరు మారలేదు. శాసనసభ ఎన్నిక ఒక్క నెల ఆలస్యమైతే ఊరుకుంటామా? ఊరి ఎన్నిక రెండేళ్లు ఆగితే పాదగయ మెట్ల మీద ఎవరికీ పట్టలేదు.

సహకార సంఘాల సంగతి చెబితే నా గొంతు కొంచెం పెరుగుతుంది. నాకు తండ్రి ఇచ్చిన రెండెకరాలున్నాయి. ఒక సంఘంలో వాటాదారుణ్ని. నేను ఆ సంఘానికి ఓటేసింది 2013లో. ఆ పాలకవర్గాల గడువు 2018లో తీరింది. ఆ తరువాత ఎన్నికల్లేవు. పర్సన్ ఇన్‌చార్జిలు, త్రిసభ్య కమిటీలు, ఏ ప్రభుత్వం వస్తే ఆ ప్రభుత్వం మనుషులు. యూరియా లారీ వచ్చిందని తెలిసి ఆధార్ కార్డు పట్టుకుని వెళ్తే బస్తాలన్నీ పొద్దున్నే అయిపోయాయన్నారు. ఎవరికిచ్చారో పుస్తకం చూపించమన్నాను. "మీకెందుకండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. వాడి తప్పేం లేదు. నాకెందుకో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నా ఓటు ఉండి ఉంటే, రేపు నా దగ్గరికి రావలసిన డైరెక్టరు ఒకడు ఉండి ఉంటే, ఆ పుస్తకం తెరుచుకునేది.

నీటి సంఘాలూ అంతే. ఏలేరు మీద, గోదావరి కాలవల మీద రైతే నీటికి యజమాని అని 1997లో చట్టం చేశారు. దేశమంతా వచ్చి చూసి వెళ్లిన చట్టం అది. 2024 డిసెంబర్‌లో ఆ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. చాలాచోట్ల ఏకాభిప్రాయం అన్నారు, లేదంటే చేతులెత్తమన్నారు. ఎవరి ముందు చేతులెత్తడం? ఎగువన పొలం ఉన్న పెద్ద రైతు ముందు, పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి ముందు. శివారు భూముల కౌలు రైతుకు ఎత్తడానికి ఆ చెయ్యి కూడా లేదు, అతని పేరు జాబితాలోనే ఉండదు. తెర వెనక నొక్కే వేలికీ పదిమందిలో ఎత్తే చేతికీ ఎంత తేడా ఉందో మా వీధి ఆవిడకు తెలుసు.

ఇక్కడే ఏకగ్రీవం గురించి చెప్పాలి, ఆ మాట వింటే మన పెద్దమనుషుల మొహాలు వెలుగుతాయి కాబట్టి. ఊరంతా ఒక్కటై ఒకరిని ఎన్నుకోవడం ఎంత ముచ్చట అంటారు. నిజంగా ఒక్కటైతే ముచ్చటే. 2021లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా ప్రకటించారు. ఓటు వేయడానికి వెయ్యి రూపాయలిస్తే నేరం. ఊరు మొత్తం ఓటు మానుకోవడానికి 20 లక్షలిస్తే ప్రోత్సాహకం. ఈ రెండింటిలో ప్రజాస్వామ్యాన్ని ఎక్కువ కొన్నది ఏదో తీరిగ్గా ఆలోచించండి. 2020లో పడ్డ నామినేషన్ల మీద జరిగిన పరిషత్ ఎన్నికల్లో 2,371 ఎంపీటీసీ స్థానాలు, 126 జడ్పీటీసీ స్థానాలు పోటీ లేకుండానే తేలిపోయాయి. నామినేషన్ కాగితాలు లాక్కుని చింపేయడాన్ని ఆ మార్చిలో టీవీలో అందరం చూశాం. మిగిలినచోట్ల 2021 ఏప్రిల్‌లో పోలింగ్ అంటే ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది. అదీ తప్పే. నిరసన బూత్ దగ్గరే చెయ్యాలి, ఇంట్లో కూర్చుని కాదు. ఏకగ్రీవమైన ఊళ్లో సర్పంచ్ పదవి ఎవరికి పోతుందో గుడి దగ్గర నలుగురు కూర్చుని తేలుస్తారు. ఆ నలుగురిలో కూలి మనిషి ఉండదు, ఆవిడ పేట నుంచి ఎవరూ ఉండరు.

ఓటరును కొనడం గురించే బెంగైతే, ఓటర్లు తగ్గినకొద్దీ కొనడం సులువవుతుందన్న సంగతి గమనించాలి. 1987లో మండల అధ్యక్షుణ్ని, జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ని జనం నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టం ఆ హక్కును తీసి గెలిచిన సభ్యుల చేతిలో పెట్టింది. అప్పటి నుంచి క్యాంపులు పుట్టాయి. గెలిచిన ఎంపీటీసీలను బస్సులెక్కించి, ఫోన్లు లాక్కుని, రిసార్టుల్లో దాచి, ఎన్నిక పొద్దున తెచ్చి దింపుతారు. మండలంలో యాభై వేల మందిని దాచే రిసార్టు లేదు. పదిహేను మందికి ఉంది. మన జిల్లాలోనే తునిలో 2025 ఫిబ్రవరిలో పురపాలక వైస్ చైర్మన్ ఎన్నిక కోరం లేక ఎన్నిసార్లు వాయిదా పడిందో పేపర్లో చదివాం. అది జనం ఓటు వల్ల పాడైన ఎన్నిక కాదు. జనానికి ఓటు లేనందువల్ల అలా నడిచింది.

ఓటు పడిపోయినదాన్ని నిలబెట్టగలదా అని అడుగుతారు. నిలబెట్టింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని కూలదోసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, రామారావు తిరిగి వచ్చారు. ఆ నెలంతా జనం రోడ్ల మీదున్నారు. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. పిఠాపురం స్టేషన్లో రైళ్లు ఆగిపోతే నడిచి బడికి వెళ్లిన రోజులున్నాయి. ఆ డిసెంబర్‌లో దేశమంతా కాంగ్రెస్‌కు 400 పైన స్థానాలిస్తే ఆంధ్రప్రదేశ్ 42లో 30 తెలుగుదేశానికి ఇచ్చింది. 1985 మార్చిలో శాసనసభలో 202. ఏ తప్పు జరిగిందో ఎవరు చేశారో జనం మరచిపోలేదు. అంతకన్నా ముఖ్యమైంది తరువాత జరిగింది. ఆ ఎన్నికలతో ఆగిపోకుండా మండలాలొచ్చాయి, 1987లో మండలానికీ జిల్లాకూ నేరుగా ఓటొచ్చింది. పై ఓటుతో గెలిచినదాన్ని కింది ఓటుతో పాదుకొల్పారు. అది ఏడేళ్లే నడవడం వేరే సంగతి.

నాకు అనుకూలంగా లేని సాక్ష్యం కూడా చెప్పి తీరాలి. 1977లో అత్యవసర పరిస్థితిని దేశం ఓటుతో శిక్షించింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఒక్క నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఓటరు ప్రతిసారీ సరైనదే చేస్తాడని నేను అనను. ఎవరైనా తప్పు చేస్తారు. తప్పు చేసినవాడికి దిద్దుకునే అవకాశం ఎన్నాళ్లకోసారి వస్తుందన్నదే ప్రశ్న. అన్నీ కలిపి అయిదేళ్లకోసారి ఒక్క రోజున ముగించేద్దామనేవాళ్లు ఆ దిద్దుబాటును కూడా అయిదేళ్లు వాయిదా వేస్తున్నారు.

దానికి తోడు, పెద్ద ఎన్నిక ఎంత సరిగ్గా జరిగినా అది చెప్పలేనివి కొన్ని ఉంటాయి. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతమే, 11 సీట్లు. పదిమందిలో నలుగురు ఓడిన వైపే ఉన్నారు, సభలో మాత్రం వాళ్ల గొంతు లేదు. 2021 నవంబర్‌లో ఒక ప్రతిపక్ష నేత మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని సభ నుంచి వెళ్లిపోయారు. 2024 తరువాత మరొకరు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వెళ్లడం మానేశారు. ఆ నలుగురి మాట వినపడేది ఎక్కడ? వార్డులో, పంచాయతీలో, సంఘంలో. రాష్ట్రంలో ఓడినవాడు ఊళ్లో గెలుస్తాడు, ఊళ్లో ఓడినవాడు పక్క వార్డులో గెలుస్తాడు. ఆ చిన్న గెలుపులు లేకపోతే ఓడిన పదిలో నలుగురూ అయిదేళ్లు పరాయివాళ్లైపోతారు. కక్షలు అక్కడే పుడతాయి. ఊరి ఎన్నికల వల్ల తగాదాలు వస్తాయంటారు గానీ, ముప్పై ఏళ్లకు పైగా ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్నిగా చెబుతున్నాను, పోటీ జరిగి లెక్క తేలిన ఊళ్లలో తగాదా నెలరోజుల్లో చల్లారడం చూశాను. నామినేషన్ వేయనివ్వని ఊళ్లలో అది చల్లారదు.

మన మండలంలోని మల్లాం గురించి చెప్పకుండా ఈ వ్యాసం రాయలేను. 2025 ఏప్రిల్‌లో అక్కడ కరెంటు షాకుతో ఒక దళిత కార్మికుడు చనిపోయాడు. పరిహారం అడిగినందుకు దళితులను సాంఘికంగా వెలివేశారని, సరుకులు అమ్మలేదని ఫిర్యాదు వచ్చింది. అధికారులు ఊరికి వెళ్లి సర్దుబాటు చేయవలసి వచ్చింది. అంతకు పదకొండు నెలల ముందు అదే ఊళ్లో అందరూ ఒకే వరసలో నిలబడి ఓటేసినవాళ్లే. ఓటు ఏం చేసిందండీ అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఓటు ఆ ఒక్క రోజు అందరినీ ఒక వరసలో నిలబెట్టింది. మరెవరూ ఆ పని చేయలేదు. ఏడాదికొకసారి పంచాయతీకో సంఘానికో ఆ వరస మళ్లీ కట్టవలసి వస్తే, కిరాణా కొట్టువాడికి ఆ పేట ఓట్లు కావలసి వస్తే, సరుకు అమ్మనని చెప్పే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అంతే నేను చెప్పేది. వివక్ష అంతటితో పోతుందని అనడం లేదు.

మన ఎమ్మెల్యేనే ఉప ముఖ్యమంత్రి, ఇంక మనకేం కొదవ అనేవాళ్లున్నారు. ఆయనే పంచాయతీరాజ్ మంత్రి కూడా. 2024 ఆగస్టు 23న ఒక్క రోజున 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టించారు. మా బంధువుల ఊరి సభకు నేనూ వెళ్లాను. ఆడవాళ్లు లేచి మైకు అడిగారు, చాలాకాలానికి చూశాను ఆ దృశ్యం. మంచి పని, మంచిదని చెప్పడానికి నాకు ఏ పార్టీ అడ్డం లేదు. కానీ ఎంత గొప్ప ఎమ్మెల్యే అయినా ఊరి డ్రైనుకు, ఉప్పాడ దగ్గర సముద్రం కోసుకుపోతున్న వీధికి, ఏలేరు పొంగి మునిగిన గొల్లప్రోలు కాలనీకి ఒక్కడే అన్నిటికీ జవాబుదారీ కాలేడు. ఆయన కారు వెనక పరుగెత్తి అర్జీ ఇవ్వడం ప్రజాస్వామ్యం కాదు, అది మహారాజా గారి దర్బారు పద్ధతి. ఆ పద్ధతిని ఈ నేల 1937లోనే వద్దంది. 73వ సవరణ 29 అంశాల జాబితా ఇచ్చి మూడు దశాబ్దాలు దాటింది. వాటిలో ఎన్ని నిజంగా సర్పంచ్ చేతికొచ్చాయి? ఆర్థిక సంఘం డబ్బు పంచాయతీ ఖాతాలో పడగానే కరెంటు బకాయిల కింద లాగేసుకుంటే సర్పంచులు రోడ్డెక్కిన రోజులు మరచిపోయామా?

నా చివరి డ్యూటీ 2021 ఫిబ్రవరిలో పడింది, ఒక పల్లె బడిలో. పంచాయతీకి ఇంకా కాగితాలే, పెట్టెలే. సర్పంచ్‌కు గులాబీ రంగు కాగితం, వార్డు సభ్యుడికి తెల్లది. పొద్దున్న ఆరున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. నాలుగింటికి అదే గదిలో బల్లలు కలిపి లెక్క మొదలుపెట్టాం. ఇరవై అయిదేసి కాగితాలను కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాను. ఒక వార్డులో కొబ్బరికాయలు దింపే మనిషి ఒకవైపు, ఊళ్లో రైసు మిల్లు ఉన్నాయన తమ్ముడు ఒకవైపు. తెల్ల కాగితాల్లో ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డది ఒకటి వచ్చింది. ఇద్దరూ నా భుజాల మీదికి వంగి చూశారు. చెల్లదని పక్కన పెట్టాను. మళ్లీ లెక్కపెట్టమన్నారు, పెట్టాం. కొబ్బరికాయల మనిషి మూడు ఓట్లతో గెలిచాడు. బయట చీకటి పడింది. మిల్లు వాళ్ల తమ్ముడు కాసేపు బల్ల పట్టుకుని నిలబడి, నా దగ్గర పెన్ను తీసుకుని ఫలితం కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ రాత్రే ఉపసర్పంచ్ ఎన్నికకు కొత్త సభ్యులంతా చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. మిల్లువారి ఇంటి అరుగు ఎప్పుడూ ఎక్కని మనిషి ఆ బెంచీ మీద మిల్లువారి మనుషుల పక్కనే కూర్చున్నాడు.

ఆ పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన గడువు 2026 ఏప్రిల్ మొదటివారం దాటదు. రాజమహేంద్రవరానిది దాటి ఏళ్లయింది, కాకినాడదీ దాటింది, నా సంఘానిదీ దాటింది. మెట్ల మీది మిత్రులు ఈసారి ఓటరు సంగతి మాట్లాడే ముందు, గులాబీ కాగితాలు ఎప్పుడు అచ్చవుతాయో, ఏ తేదీన ఊళ్లకు చేరతాయో మంత్రిగారి కార్యాలయానికి ఉత్తరం రాసి అడగాలి. ఉత్తరం నేను రాసి ఉంచాను. సంతకాలకు కింద చోటు వదిలాను.